వెలివేసినవాడి మీద కట్టుబాటు చెల్లదు

ఎమ్మెల్యేల దగ్గర పీఏలుగా చేరబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఏలూరులో మా ఇంటికి వస్తుంటారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "సత్యంగారూ, ఈ లైన్లో పైకి రావాలంటే ఏం నేర్చుకోవాలండీ?" అని అడుగుతారు. పైకి రావడం గురించి నాకేం తెలుసు? ముగ్గురు ఎమ్మెల్యేల దగ్గర చేశాను, ఏ కుర్చీలో కూర్చున్నానో ఆ కుర్చీలోంచే లేచి వచ్చాను. అయితే అందులో కూర్చుని విన్నదీ చూసిందీ ఏదీ మర్చిపోలేదు. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మండుతుంది కాబట్టే రాస్తున్నాను. చల్లగా ఉన్నవాళ్ళు రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి, అవి చదువుకోండి.

నాది పెద్ద చదువు కాదు. పదో తరగతి తప్పి, కలెక్టరాఫీసు బయట అరుగు మీద కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. ఎండెక్కి జనం పలచబడగానే గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడే రాజ్యాంగం తెలుగులో మొదటి నుంచి చివరి దాకా చదివాను. అర్థం కానిచోట మళ్ళీ చదివాను. ఆ పుస్తకం మీద ప్రమాణం చేసి జీతం తీసుకునేవాళ్ళు చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరని, ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

పొద్దున మెట్ట, సాయంత్రం డెల్టా

నా మొదటి ఎమ్మెల్యే పేరు రాయను. పిల్లలున్నారు, ఇదే జిల్లాలో తిరుగుతున్నారు. నేను చేరిన రోజునే పిలిచి పాఠం చెప్పాడాయన. "సత్యం, ఎవడేం అడిగినా 'కాదు' అనకు. 'చూద్దాం' అను. కాదన్నవాడికి ఓటు పడదు."

ఆయన జిల్లా అంతా తిరిగి మాట్లాడేవాడు. మంచి గొంతు. ఒకరోజు పొద్దున చింతలపూడిలో మెట్టరైతుల సభ. "మీ నోటికాడ నీళ్ళు డెల్టావాళ్ళు తాగేస్తున్నారు! మీ కొండల మీద పడ్డ వాన వాళ్ళ వరికి పోతోంది!" అని అరిచాడు. ఈలలు, చప్పట్లు. అదే రోజు సాయంత్రం ఉంగుటూరు దగ్గర డెల్టారైతుల సభ. "మెట్టకి నీళ్ళు ఎక్కించారంటే మీ కాలవలు ఎండిపోతాయి, జాగ్రత్త!" మళ్ళీ ఈలలు, మళ్ళీ చప్పట్లు.

సభ అయ్యాక ఒక పెద్దమనిషి స్టేజీ దగ్గరికి వచ్చి వినయంగా దణ్ణం పెట్టాడు. "బాబూ, నాది చింతలపూడండి. పొద్దున మీ మాటలు విని తెగ సంతోషపడ్డానండి. మా వియ్యంకుడిది ఈ ఊరు. అమ్మాయిని చూసి పోదామని వచ్చాను, ఇక్కడ మళ్ళీ మీరే. ఇప్పుడు నేను మా వియ్యంకుణ్ణి కొట్టాలా, ఆయన చేత కొట్టించుకోవాలా? అదొక్కటీ చెప్పండి, భోజనం వేళవుతోంది."

మా ఎమ్మెల్యే నవ్వి, ఆయన భుజం మీద చెయ్యేసి, "చూద్దాం" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. మీ పక్కవాడు మీ నోటి దగ్గరిది లాక్కుంటున్నాడని చెప్పడం కన్నా తేలికైన ప్రసంగం ఇంకోటి లేదు. దానికి చదువక్కర్లేదు, పని చెయ్యక్కర్లేదు, కాలవ తవ్వించక్కర్లేదు. మైకు ఉంటే చాలు. మెట్టకీ డెల్టాకీ పెట్టిన ఆ నిప్పే తర్వాత జిల్లాకీ జిల్లాకీ, ఆ తర్వాత రాష్ట్రానికీ దేశానికీ పాకింది. రాజేసినవాళ్ళు ఇలాంటి మంచి గొంతులవాళ్ళే.

చెల్లని రాజీనామా

రెండో ఆయన మంచివాడు. చేతికి ఎముక లేదు, నోటికి అబద్ధం రాదు అనుకునేవాళ్ళం. రాష్ట్రం విడిపోయే రోజులొచ్చాయి. రోడ్ల మీద జనం, టెంట్లు, వంటావార్పులు. "రాజీనామా చేస్తావా, చెయ్యవా?" అని ఇంటి ముందు బైఠాయించారు. ఆయన లోపలికి వచ్చి, "సత్యం, రాజీనామా రాయి. పెద్దగా రాయి. ప్రజల ఆవేదన, నా గుండె కోత, అన్నీ రావాలి" అన్నాడు.

తెలియని కుర్రాళ్ళ కోసం చెబుతున్నాను. సభ్యుడు రాజీనామా చెయ్యాలంటే స్పీకర్‌కి ఒక్క వాక్యం రాస్తే చాలు, నా స్థానానికి రాజీనామా చేస్తున్నాను అని. దానికి కారణాలూ షరతులూ తగిలించి, ఇది జరక్కపోతే అని, జరిగితే అని మూడు పేజీలు రాస్తే అది చెల్లదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మూడు పేజీలు రాశాం. టీవీలవాళ్ళ ముందు కళ్ళు తుడుచుకుంటూ సంతకం పెట్టాడు. జనం ఆయన్ని భుజాల మీద ఊరేగించారు. పదవి ఉన్నచోటే ఉంది.

ఒక్క మాట ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. రాష్ట్రం కావాలని అడగడం ద్రోహం కాదు, వద్దనడమూ ద్రోహం కాదు. ఒక ఇంట్లో అన్నదమ్ములు గదులు పంచుకోవడం లాంటిది. గొడవపడతారు, ఏడుస్తారు, ఇల్లు నిలబడుతుంది. ఇల్లే నాది కాదు, దూలాలు పీకేస్తాను అనేవాడి సంగతి వేరు. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు ఇటూ ఉన్నారు, ఢిల్లీలోనూ ఉన్నారు. గది అడిగినవాణ్ణి దొంగన్నారు ఢిల్లీలో. అక్కడా నాకు మంటే.

ఆవిడ అడిగిన ప్రశ్న

మూడో ఆవిడ కరుణమ్మగారు. కొల్లేరు ఒడ్డున మండవల్లి వైపు చిన్న ఊరు వాళ్ళది. పాతకాలపు మిషన్ చర్చి ఉన్న ఊరు. ఆవిడ చాలా ఏళ్ళు బడిపంతులమ్మ. మొదటిసారి నిలబడి మొదటిసారే గెలిచింది. ఊళ్ళో ఇల్లు ఆవిడకీ అన్నగారు ప్రకాశంగారికీ ఉమ్మడిది. ఆయన చేపల చెరువు చేస్తాడు.

అసెంబ్లీలో ప్రమాణం చేసి కారెక్కుతూనే అడిగింది. "సత్యంగారూ, దేశ సమగ్రతను కాపాడతానని చదివాను కదండీ. రేపెవరైనా తెంచుదామంటే నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదమ్మా, అది అందరూ చదివేదే" అన్నాను.

"అందరూ చదివేది కాబట్టి అందరూ వదిలేశారన్నమాట" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో సన్మానం, నేరుగా అక్కడికే పోయాం. అక్కడ ఉల్లి లారీలు రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి, మహారాష్ట్ర నంబరు ప్లేట్లు. డ్రైవర్లు రోడ్డు పక్కన స్టవ్వు పెట్టి రొట్టెలు కాల్చుకుంటున్నారు. హారన్ కొట్టబోయిన మా డ్రైవర్ని ఆపింది. "తిననీ, దూరం నుంచొచ్చారు" అంది.

రాంబాబు జెండా

రాంబాబు మా నియోజకవర్గంలో పెద్ద చేపల రైతు, మేతల వ్యాపారి. ఎన్నికల్లో కరుణమ్మగారి వెంట జీపులేసుకుని తిరిగినవాడు. మనిషి చురుకు, మాట తీపి. గెలిచిన కొన్నాళ్ళకి 'మన గడ్డ' అని ఒక వేదిక పెట్టాడు. మొదట ఫోన్లలో వీడియోలు. ఉత్తరాదివాళ్ళు మన సొమ్ము తింటున్నారు, పార్లమెంటులో మన సీట్లు తగ్గిస్తారు, మన భాష మింగేస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. నిజం ఉన్నచోటే ఇలాంటివాడు గుడారం వేస్తాడు. తర్వాత మాట ముదిరింది. ఈ దేశంలో మనకేం పని, దక్షిణాది వేరే దేశం కావాలి అన్నారు. ఒక జెండా కుట్టించారు. ఆ తర్వాత జెండా కర్ర చేతిలోకి వచ్చింది.

కర్ర ముందు ఎవరి మీదికి లేస్తుంది? ఢిల్లీలో మంత్రి మీదికా? అంత దూరం పోదు. కొల్లేరు గట్ల మీద రేకుల షెడ్లలో ఉంటూ, చేపల్ని ఐసులో సర్ది లారీలకెక్కించే బెంగాలీ కూలీల మీదికి లేచింది. వాళ్ళ మేస్త్రీ పేరు నిమాయ్. బక్కపల్చటి మనిషి, వచ్చీరాని తెలుగు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, భయపడినప్పుడు ఇంకొంచెం ఎక్కువ.

రాంబాబు ఏలూరు ఆఫీసుకి వచ్చాడు. నన్ను చూసి, "ఏం బాబాయ్, ఇంకా పోలేదా?" అని హాస్యమాడాడు.

"నువ్వు దేశం వదిలి పోతానంటున్నావుగా అబ్బాయ్, ముందు నిన్ను సాగనంపి పోదామని" అన్నాను.

నవ్వేసి కరుణమ్మగారి వైపు తిరిగాడు. "అక్కా, ఆదివారం మన ఊళ్ళో కట్టుబాటు పెడుతున్నామండి. బయటివాళ్ళెవరూ వల ముట్టుకోకూడదు, ఐసు ముట్టుకోకూడదు. పెట్టుకున్న రైతు జరిమానా కట్టాలి, తప్పు వేస్తాం. మీరొచ్చి స్టేజీ మీద కూర్చుంటే చాలు. మాట్లాడక్కర్లేదు కూడా."

"కూర్చుంటే మాట్లాడినట్టే కదా తమ్ముడూ."

"వేరే దేశం మాట మేం చూసుకుంటాం లెండి. మీరు కూలీల సంగతి వరకూ ఊఁ అనండి."

"రెండూ ఒకటే. చిన్నదానికి ఊఁ అనిపించి పెద్దదానికి లాక్కుపోతావు. పిల్లల్లో చూశాను ఇది, ఆరో తరగతిలో."

రాంబాబు మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. "జీపులు మావే అక్కా, మర్చిపోకండి."

"జీపులు నీవే. ఓట్లు వాళ్ళవి. నోరు నాది."

అతను వెళ్ళాక, ఈ గొడవ మీద అసెంబ్లీలో చదవడానికి నేను ప్రసంగం ఒకటి రాసిచ్చాను. అందరి మనోభావాలూ గౌరవిస్తున్నామని, అన్ని కోణాల్లోంచీ పరిశీలించాలని, నాకొచ్చిన విద్యంతా పోశాను. చదివి కాయితం బల్ల మీద పెట్టింది. "చాలా బాగుందండి. ఇందులో నేనెటువైపున్నానో నాకే తెలియట్లేదు" అంది.

ఇంటికో మాట

కొల్లేరు ఊళ్ళలో కట్టుబాటంటే ఏమిటో డెల్టావాళ్ళకే సరిగ్గా తెలియదు. ఊరంతా ఒకచోట చేరుతుంది. పెద్ద లేచి ఒక్కో ఇంటి పేరూ పిలుస్తాడు. ఆ ఇంటి తరఫున ఒకరు 'సమ్మతం' అనాలి. ఊరుకున్నా సమ్మతం కిందే లెక్క, ఒక్క ఇల్లు కాదన్నా కట్టుబాటు లేనట్టే. అందరూ అయ్యాక ఆ మాట చట్టం కన్నా గట్టిది. చెరువులకి నీళ్ళెప్పుడు తోడాలి, వలలెప్పుడు వెయ్యాలి, దొంగకి ఏం శిక్ష, అన్నీ అలా కట్టుకున్నవే. మంచికి వాడినంతకాలం అది మంచి పద్ధతే. దాని చేత చెడ్డపని చేయించడం రాంబాబు తెలివి.

ఊరిపెద్ద ఏడుకొండలుగారు. కరుణమ్మగారిని చిన్నప్పుడు దోనెలో బడికి దింపిన మనిషి. ఆ ఆదివారం కమ్యూనిటీ హాలు కిక్కిరిసిపోయింది. ఒక్కో ఇల్లూ సమ్మతం అంటోంది. ప్రకాశంగారి ఇంటి వంతు వచ్చింది. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. పెద్దాయన తర్వాతి ఇంటిని పిలవబోతుంటే కరుణమ్మగారు లేచింది.

"బాబాయ్, ఆ ఇంట్లో నేనూ ఉన్నాను. మా ఇంటి మాట సమ్మతం కాదు."

వెనక నుంచి ఎవడో, "ఆడోళ్ళు మాట్టాడే ఆనవాయితీ లేదండీ ఇక్కడ!" అని అరిచాడు.

ఏడుకొండలుగారు కసిరాడు. "ఓట్లేయించుకోడానికి ఇంటింటికీ వచ్చి మాట్టాడినప్పుడు లేదేట్రా ఆనవాయితీ? మాట్టాడనీ. చెప్పమ్మా."

"నిమాయ్ వాళ్ళు మన అన్నం గుంజుకోలేదు బాబాయ్. మనవాళ్ళు ఐసు పని మానేశాక వచ్చారు. మనకి ఢిల్లీ మీద కోపం ఉంది. నాకూ ఉంది. అసెంబ్లీలో అడుగుతాను, అక్కడ కాకపోతే ఢిల్లీ వెళ్ళి గుమ్మంలో కూర్చుంటాను. అడిగే హక్కు ఇంట్లో ఉన్నవాడికే ఉంటుంది. వేరుపడిపోయినవాడు గుమ్మంలో నిలబడితే బిచ్చగాడంటారు."

"మేస్టారమ్మ పాఠం మొదలెట్టారండోయ్!" అన్నాడు రాంబాబు. హాలంతా గొల్లుమంది.

"పాఠమే తమ్ముడూ. నువ్వు వినకుండా వెనక బెంచీలో కూర్చున్నది."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అదే పొరపాటైంది. నవ్వులపాలైనవాడు ఊరుకోడు. ఊరికి ఎదురు నిలబడిన ఇంటిని ఏం చేస్తారో పెద్దలు చెప్పాలని రాంబాబు పట్టుబట్టాడు. అతని కుర్రాళ్ళు 'వెలి, వెలి' అని అరిచారు. ఏడుకొండలుగారు చాలాసేపు కండువా సర్దుకుంటూ ఉండిపోయాడు. చివరికి ఊరు గెలిచింది, మనిషి ఓడిపోయాడు. ప్రకాశంగారి ఇంటికి వెలి, మిగతా ఊరికి కట్టుబాటు అన్నాడు. ఎవరూ పలకరించకూడదు, పనికి పోకూడదు, ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు.

ఈ రోజుల్లో, ఫోన్లో ప్రపంచమంతా కనిపించే రోజుల్లో, ఒక ఎమ్మెల్యేని సొంత ఊరు వెలివేసింది. నా చెవులారా విన్నాను. వెలివేసినవాళ్ళ మీద కేసు పెట్టొచ్చు. "ఇప్పుడే ఎస్పీగారికి ఫోన్ చేస్తానమ్మా" అని ఊగిపోయాను.

"వద్దండి. పోలీసుల్ని తెస్తే రాంబాబు అన్నదే నిజమవుతుంది, నేను బయటిదాన్నని" అంది.

నోళ్ళు తెరిచిన చేపలు

మర్నాటి నుంచి ప్రకాశంగారి ఇంటికి మంచినీళ్ళ టిన్ను ఆగిపోయింది. చుట్టూ కొల్లేరు, తాగడానికి చుక్క పనికిరాదు. ఊళ్ళో ప్లాంటు నీళ్ళే గతి. ఆయన భార్య ఆటోలో మండవల్లి వెళ్ళి తెచ్చుకుంది. అది భరించవచ్చు. భరించలేనిది చెరువు. బొచ్చె, శీలావతి చేపలు పట్టుబడికి సిద్ధంగా ఉన్నాయి. వల లాగే మనిషి రాడు. ఇంతలో మబ్బు పట్టింది. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్ళలో గాలి తగ్గి, చేప నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. ఆ రోజు గట్టు మీద నిలబడి చూశాను. చెరువంతా నోళ్ళే. పట్టకపోతే తెల్లారేసరికి తెల్లగా తిరగబడిపోతాయి.

ప్రకాశంగారు ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ రోజు ఎత్తాడు. "నీ దేశం ఏవిటే కరుణా, నా చెరువు చచ్చిపోతోందే! వెళ్ళి ఆ రాంబాబు చెయ్యి పట్టుకో. తప్పైపోయిందను. ఒక్క మాటే కదా!"

ఆవిడ నోళ్ళు తెరిచిన చేపల వైపే చూస్తోంది. నేనే దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా, "అమ్మా, చూద్దాం అనండి. ప్రస్తుతానికి చూద్దాం అంటే సరిపోతుంది" అన్నాను. ఆవిడ నా మొహం చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను.

అప్పుడే ఆ గట్టు మీదుగా నిమాయ్ వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని బస్సుకి పోతున్నారు. ఊరు పొమ్మంది, పోతున్నారు. నిమాయ్ చెరువు వైపు చూసి ఆగిపోయాడు. నవ్వడం మానేశాడు. "దీదీ, చేప చస్తది" అన్నాడు.

"మీకు వల లాగడం వచ్చా నిమాయ్?"

"మా ఊరు పూరా అదే పని దీదీ. కానీ తప్పు వేస్తారు."

"ఎవరికి వేస్తారు?" అంది కరుణమ్మగారు. అంటూనే ఆగింది. అన్నగారి వైపు తిరిగింది. "అన్నయ్యా, కట్టుబాటు ఎవరికి? ఊరికి. మనం ఊళ్ళో ఉన్నామా?"

అంతే. మూటలు దిగాయి. షెడ్డులోంచి వల వచ్చింది. ప్రకాశంగారు లారీకి ఫోన్ చేశాడు, ఐసు కూడా పొరుగూరు నుంచి వచ్చింది. పట్టపగలు, ఊరందరి కళ్ళ ముందూ, బెంగాలీలు 'హెయ్యో' అంటూ వల లాగుతున్నారు. కరుణమ్మగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపి ట్రేలు అందిస్తోంది. నేను కూడా అందించాను. నడుం ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది.

రాంబాబు జెండాలతో, కుర్రాళ్ళతో వచ్చాడు. వెనక సగం ఊరు, ముందు ఏడుకొండలుగారు. "కట్టుబాటు మీరారు! తప్పు కట్టాలి, వల కోసెయ్యండ్రా!" అని రాంబాబు అరిచాడు. ఒకడు కత్తి తీశాడు కూడా. నిమాయ్ మనుషులు వల వదల్లేదు. వదిలితే చేప పోతుంది.

కరుణమ్మగారు అతన్ని చూడనే లేదు. నీళ్ళు కారుతున్న చేతులతో తిన్నగా పెద్దాయన ముందుకు వచ్చింది.

"బాబాయ్, ఒక్కటి చెప్పండి. నేను ఊళ్ళోదాన్నా, కాదా? ఊళ్ళోదాన్నైతే వెలి లేదు, నేను కాదన్న మాట లెక్కలోకి రావాలి, అప్పుడు కట్టుబాటే లేదు. ఊళ్ళోదాన్ని కాకపోతే మీ కట్టుబాటు నాకంటదు. బయటికి తోసేసి, మళ్ళీ మా మాట వినాలంటే కుదరదు కదా."

కత్తి తీసినవాడు పెద్దాయన వైపు చూశాడు. చేపలు ట్రేలలో కొట్టుకుంటున్న చప్పుడే.

"రేపు దేశం సంగతీ అంతే బాబాయ్. మనం వాళ్ళని వెలేస్తాం. బాగానే ఉంటుంది, జెండా ఎగురుతుంది. ఎల్లుండి మన నీళ్ళు పైనే ఆపేస్తే, ఎవర్ని అడుగుతాం? వెలేసినవాడు మనకి జవాబు చెప్పక్కర్లేదు. ఇదిగో, ఇప్పుడు నేను మీకు చెప్పక్కర్లేనట్టే."

"ఏంటి పెద్దాయనా, వింటున్నారు! కోసెయ్యమనండి!" అన్నాడు రాంబాబు.

ఏడుకొండలుగారు కత్తి పట్టుకున్నవాడి వైపు చూశాడు. "మడిచెయ్యరా ఆ కత్తి. అమ్మాయన్నది రైటే. వెలేసినోడి మీద తప్పెయ్యడం మా తాతల్లో లేదు, మాలో లేదు." వెనక్కి తిరిగి నడిచాడు. ఆయన వెనకే ఊరూ నడిచింది. చివరికి గట్టు మీద రాంబాబు, అతని జెండా, నలుగురు కుర్రాళ్ళు మిగిలారు. సాయంత్రానికి చేపలతో లారీ అస్సాం దారి పట్టింది.

వక్రీకరించారు

ఇదంతా ఎవరో వీడియో తీశారు, అది ఊళ్ళన్నీ తిరిగింది. కరుణమ్మగారు అసెంబ్లీలో లేచి నా ప్రసంగం కాకుండా తన ప్రసంగం చేసింది. చిన్నది. మనకు రావలసింది ఢిల్లీ ఎగ్గొడుతున్న సంగతి గట్టిగా అడిగింది, వేరుపడతామన్నవాళ్ళని అంతకన్నా గట్టిగా తిట్టింది. రెండో సగాన్ని ఇక్కడివాళ్ళు తిట్టారు, మొదటి సగాన్ని అక్కడివాళ్ళు తిట్టారు. అంటే సరిగ్గా మాట్లాడిందన్నమాట.

పార్టీ పెద్ద ఒకాయన నాకు ఫోన్ చేశాడు. "సత్యంగారూ, రాంబాబు వర్గం దూరమైపోతోందండి. మేడమ్‌గారి పేరు మీద ఒక ప్రకటన పంపండి. నా మాటల్ని వక్రీకరించారు అని. మీకు చెప్పాలా, చెయ్యి తిరిగినవారు."

నిజమే, నా చెయ్యి ఆ వాక్యం మీదే తిరిగింది. పొద్దున చింతలపూడి, సాయంత్రం ఉంగుటూరు మాట్లాడినవాడికీ అదే రాశాను. అన్నమాట అననేలేదని చెప్పుకోవడానికి మన రాజకీయాల్లో ఇంతకన్నా మర్యాదైన వాక్యం లేదు.

"కాదండి" అన్నాను.

"ఏంటి?"

"ఆవిడ అన్నది అన్నట్టే వచ్చింది. ఎవరూ వక్రీకరించలేదు. రాయనండి."

"మేడమ్‌తో మాట్లాడి చూడండి పోనీ."

"చూడనండి" అని పెట్టేశాను. ఒళ్ళు తేలికైంది. 'కాదు' అన్న మాటకి ఇంత రుచి ఉందని ఇన్నేళ్ళూ నాకెవడూ చెప్పలేదు. ఆ నెలాఖరుకి పని మానేశాను. కరుణమ్మగారు వద్దంది గానీ, నడుం ఒప్పుకోలేదు.

చేరబోయే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీ ఎమ్మెల్యే పక్కనే ఉండండి, ఫోన్లు ఎత్తండి, రోడ్లూ పెన్షన్లూ అడగడానికి వచ్చినవాళ్ళకి కుర్చీ వెయ్యండి. పక్కింటివాణ్ణి చూపించి ఓట్లడిగే ప్రసంగం మాత్రం రాయకండి. రాయమంటే లేచి వచ్చెయ్యండి. పది మంది అలా వచ్చేస్తే పదకొండోవాడికైనా ఆ ఎమ్మెల్యేలు సమాధానం చెప్పుకోవాలి.

మధ్యలో మనిషి

నిమాయ్ వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. మబ్బు ఒక్క చెరువు మీదే పట్టదు కదా, అందరికీ వాళ్ళ చేతులు కావలసొచ్చి కట్టుబాటు దానంతటదే వదులైంది. వెలి మాత్రం వదల్లేదు. వదలాలంటే తప్పు కట్టి ఊరిని క్షమాపణ అడగాలి, అది పద్ధతి. ప్రకాశంగారు కట్టేద్దామన్నాడు. కరుణమ్మగారు కట్టనంది. వచ్చే ఎన్నికల్లో రాంబాబు నిలబడతాడట. జీపులకి రంగులేయిస్తున్నాడు.

ఈ మధ్య ఒకరోజు ఆవిణ్ణి చూడటానికి ఆ ఊరు వెళ్ళాను. ఆవిడ, నేను వరండాలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఏడుకొండలుగారు వీధిలో పోతూ మమ్మల్ని చూసి ఆగాడు. గేటు దాకా వచ్చాడు, లోపలికి రాలేదు. ఆవిడ వైపు చూడలేదు.

"సత్యంగారూ, బాగున్నారాండి?"

"బాగానే ఉన్నానండి."

"మీరు అమ్మాయికి చెప్పాలండి. మన ఊరి రోడ్డు గుంటలు పడిపోయిందండి. ఆటోలు బోల్తా కొడుతున్నాయి. అసెంబ్లీలో అడగమనండి."

అమ్మాయి నా పక్కనే ఉంది. నా కాఫీ గ్లాసు కన్నా దగ్గరగా ఉంది.

కరుణమ్మగారు వీధి వైపు చూడకుండా, "సత్యంగారూ, బాబాయ్‌తో చెప్పండి. తప్పకుండా అడుగుతానని" అంది.

"వర్షాలు రాకముందే రోడ్డు పడాలని చెప్పండి" అన్నాడాయన.

"గేటు బయట నిలబడి చెప్తే వర్షాలే ముందొస్తాయని చెప్పండి" అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. బతుకంతా ఇదే చేశాను. వినబడేంత దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నిలబడి, ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోశాను. నేను మోసినన్నాళ్ళూ వాళ్ళకి ఒకరి మొహం ఒకరు చూసుకునే అవసరమే రాలేదు.

గ్లాసు కింద పెట్టి లేచాను. "నేను రిటైరయ్యానండి. మీ మాటలు మీరే చెప్పుకోండి" అని మెట్లు దిగాను. ఏడుకొండలుగారి పక్కనుంచే గేటు దాటాను. గేటు వెయ్యలేదు.

నాలుగడుగులు పోయానో లేదో, వెనకాల ఆయన గొంతు సవరించుకోవడం వినపడింది. తర్వాత, ఎవరితోనో కొత్తగా మాట్లాడుతున్నట్టు,

"అమ్మాయ్... ఆ రోడ్డు సంగతమ్మా..."

నేను వెనక్కి తిరగలేదు.